నాలుగోసారి ఓడితే గానీ

కొత్తవాడలో షత్రంజీలు, అంటే నేల మీద పరిచే మందపాటి జంపఖానాలు, నేసే జలాల్ భాయ్ దృష్టిలో ఒకసారి ఓడితే ఓడినట్టు కాదు. రెండుసార్లు ఓడినా కాదు. నాలుగుసార్లు ఓడాలి. ఏడాటల్లో నాలుగు పోగొట్టుకున్నవాడే ఓడినవాడనీ, అంతదాకా ఏ మనిషినీ, ఏ పనినీ, ఆఖరికి ఏ కూరనూ ఓడిందనే హక్కు ఎవరికీ లేదనీ ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకంతో రోజూ వేగవలసి వచ్చింది ఆయన మగ్గం జోడీ కొమురెల్లికి. ఇద్దరూ ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని ఒకే షత్రంజీ నేస్తారు గనక తప్పించుకునే దారి లేదు.

ఈ పిచ్చి హనుమకొండలో అంటింది. అక్కడొక కాలేజీవాళ్లు బాస్కెట్‌బాల్ పోటీలు పెట్టి, వచ్చినవాళ్లు కూర్చోవడానికి షత్రంజీలు తెప్పించుకున్నారు. పరచడానికి వెళ్లిన జలాల్ భాయ్ పరిచిన దాని మీద తానే కూర్చుండిపోయాడు. చీకటి పడ్డాక మేనల్లుడు కాశిఫ్ వెళ్లి ఆటోలో ఎక్కించుకుని తీసుకొచ్చాడు. దారిలో ఊరుకోక ఫోన్లో అమెరికా లీగు చూపించాడు. సీజన్ చివర జరిగే ప్లేఆఫ్స్‌లో ఒక జట్టును ఇంటికి పంపాలంటే ఇంకో జట్టు నాలుగుసార్లు ఓడించాలని చెప్పాడు. ఆ మాటనే జలాల్ భాయ్ ఇల్లు చేరేదాకా మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు. మర్నాడు మగ్గం మీద కూర్చున్నాక కొమురెల్లితో అన్నాడు.

"అన్నా, ఎంత ఇన్సాఫ్ ఉన్న ఆటనే. ఒక్కనాడు బాగలేకపోతే మనిషిని పారెయ్యరు. ఇంకో దినం ఇస్తరు."

"మంచిదే గని, పేక అందుకో" అన్నాడు కొమురెల్లి.

అది మొదలు ప్రతి ఏప్రిల్‌లోనూ జలాల్ భాయ్ పొద్దు పొడవకముందే లేచేవాడు. అక్కడి రాత్రి ఆట మనకు తెల్లవారుజామున వస్తుంది. జట్ల పేర్లు ఆయన నోటికి తిరిగేవి కావు. ఎర్ర బనియన్లు, ఆకుపచ్చ బనియన్లు అని రంగులతోనే పిలిచేవాడు. ఎప్పుడూ వెనకబడినవాళ్ల పక్షమే పట్టేవాడు. జూన్‌లో ప్లేఆఫ్స్ అయిపోయేవి గానీ ఆయన లెక్క మాత్రం ఏడాదంతా నడిచేది.

సారయ్య హోటల్లో చాయ్ బాగా లేకపోతే అందరూ ముఖం చిట్లించి వెళ్లిపోతారు. జలాల్ భాయ్ గ్లాసు మర్యాదగా కింద పెట్టి, "సారయ్యా, ఇయ్యాల చాయ్ ఓడింది. ఒకటి సున్నా. ఫికర్ చెయ్యకు, రేపు మళ్ల వస్త" అనేవాడు. మూడు సున్నా దాకా వచ్చిన రోజున సారయ్య ఎవరూ చెప్పకుండానే అల్లం దంచి వేసేవాడు. ఇంట్లో ఫాతిమా బేగం ఇంకో ఉపాయం కనిపెట్టింది. భర్త తనకు కుదరనిది ఏదడిగినా వేళ్లు మడుస్తూ, "లేదు, లేదు, లేదు, లేదు. అయిపోయింది మీ సిరీస్. పోయి పని చూసుకోండి" అని ఒక్క ఊపిరిలో తేల్చేసేది.

మోరీ కాలువ నీళ్ల గురించి పక్కపక్క ఇళ్ల సోమక్కకూ యాకమ్మకూ గొడవ వచ్చినప్పుడు పంచాయితీ ఆయన దగ్గరికే వచ్చింది. అదే వాళ్లు చేసిన పొరపాటు. తీర్పు ఒక్కరోజులో చెబితే అన్యాయమన్నాడు. ఏడుసార్లు కూర్చోవాలన్నాడు. పైగా ప్లేఆఫ్స్ పద్ధతిలో మొదటి రెండుసార్లు సోమక్క వాకిట్లో, తర్వాతి రెండుసార్లు యాకమ్మ వాకిట్లో. ఎవరి వాకిట్లో కూర్చుంటే వాళ్లే చాయ్ పోయాలి. మొదటిరోజు సోమక్క చాయ్‌ని యాకమ్మ ముట్టలేదు. రెండోరోజు తాగింది. యాకమ్మ ఇంటికి వచ్చేసరికి చాయ్‌తో పాటు సర్వపిండి కూడా వచ్చింది. నాలుగోసారికి జలాల్ భాయ్ వెళ్లి చూస్తే ఇద్దరూ కలిసి ఎక్కడికో పెళ్లికి పోయారు, తాళాలేసి ఉన్నాయి. ఆయన గడప మీద కూర్చుని, సిరీస్ మధ్యలో ఆగిపోయిందని బాధపడ్డాడు.

కొమురెల్లి ఇవన్నీ చూసి నవ్వేవాడు. చలికాలంలో ఒకనాడు పొద్దున్నే అతని కుడి పక్క పడిపోయింది. ఆ తర్వాత నవ్వలేదు.

పెద్ద దవాఖానలో ప్రాణం నిలబడింది. మాట వచ్చింది. కాలు కూడా కొంత దారికి వచ్చింది. చెయ్యి మాత్రం రాలేదు. వేళ్లు కదిలేవి గానీ పట్టు లేదు. ఇంటికొచ్చిన కొమురెల్లి గోడవైపు తిరిగి పడుకున్నాడు. భార్య చిలుకమ్మ అన్నం పెట్టినా, బిడ్డ వినోద వచ్చి పలకరించినా అటే చూసి మాట్లాడేవాడు. పంజా పట్టలేని చెయ్యి ఉంటే ఎంత, లేకుంటే ఎంత అనిపించేది అతనికి. పంజా అంటే నేసిన పేకను కిందికి దిమ్మెసకొట్టే ఇనుప దువ్వెన. షత్రంజీ గట్టిదనమంతా ఆ దెబ్బలోనే ఉంటుంది. జలాల్, కొమురెల్లి నేసిన షత్రంజీ మీద నీళ్లు పోస్తే కిందికి దిగవని బజారులో పేరు.

ఏప్రిల్ వచ్చింది. ఒకరోజు తెల్లవారకముందే జలాల్ భాయ్ ఫోన్ పట్టుకుని వచ్చి, గోడకూ కొమురెల్లి ముఖానికీ మధ్య దాన్ని నిలబెట్టాడు.

"గోడనే చూస్తాన్నవ్ గద. గిది పెడితే తప్పేంది?"

"భాయ్, నా జాగల రాంప్రసాద్‌ను కూసోబెట్టుకో. మంచి పనోడు. మగ్గం ఆగితే ఇద్దరికీ తిండి ఉండది."

"నువ్వు మగ్గం ఎక్కి ఎన్నిసార్లు ఓడినవ్?"

"ఎక్కుడే లేదు. ఓడుడేంది?"

"మరి ఆడకముందుకే సిరీస్ ఎట్ల ఇడిచిపెడ్తవే? రూల్ ఒప్పుకోదు."

రూల్ గోలతోనే ఆయన కొమురెల్లిని లేపాడు. మగ్గం జలాల్ భాయ్ ఇంటి వెనక రేకుల పాకలో ఉంది. ఇన్నాళ్లూ బల్ల మీద సగం ఖాళీగానే ఉంచి, ఒక్కడే నేయగలిగిన చిన్న కూర్చునే ఆసనాలతో జలాల్ భాయ్ నెట్టుకొచ్చాడని అక్కడికి పోయాకే కొమురెల్లికి తెలిసింది. ఆ ఖాళీ సగంలో కూర్చున్నాడు. పంజా ఎత్తాడు. అది చేతిలోంచి జారి కాలి పక్కన పడింది.

"ఒకటి సున్నా" అన్నాడు జలాల్ భాయ్, చాయ్ బాగాలేనప్పటి గొంతుతోనే.

కొన్నాళ్లకు మళ్లీ కూర్చున్నాడు. పంజా చేతిలో నిలిచింది గానీ దెబ్బ పడలేదు. రెండు సున్నా. మూడోసారి పూటంతా నేశాడు. కానీ ఇద్దరి దెబ్బలూ సమంగా లేక షత్రంజీ ఒక పక్కకు గుంజుకుపోయింది. సాయంత్రం జలాల్ భాయ్ నేసిందంతా విప్పాడు. విప్పుతుంటే కొమురెల్లి చూడలేకపోయాడు. ఇంటికి పోయి మళ్లీ గోడవైపు తిరిగాడు.

"మూడు సున్నా" అన్నాడు తానే, వెనకే వచ్చిన జలాల్ భాయ్‌తో. "నీ అమెరికాల మూడు సున్నా నుంచి లేచి గెలిచినోడు ఉన్నడా?"

జలాల్ భాయ్ అబద్ధమాడలేదు. "ఇప్పటిదాంక లేడు" అన్నాడు.

"మరింకేంది?"

"ఇప్పటిదాంక అన్న గద."

కొమురెల్లికి ఓడిపోవడం కన్నా ఆ నాలుగో ఆటే భయంగా ఉంది. అదీ పోతే జలాల్ భాయ్ కూడా అయిపోయిందనాలి. ఆయన నోట ఆ మాట వినే ధైర్యం అతనికి లేదు. కూర్చోకపోతే ఎప్పటికీ మూడు దగ్గరే ఆగుతుంది కదా అనుకున్నాడు. మగ్గం వైపు పోవడం మానేశాడు.

ఆ వారం ఎర్ర బనియన్లు కూడా మూడు సున్నాతో వెనకబడ్డారు. నాలుగో ఆట పొద్దున జలాల్ భాయ్ ఫోన్ తెచ్చి యథాప్రకారం గోడకు ఆనించాడు. ఆట ఇంకా మొదలు కాలేదు. ఎర్ర బనియన్లలో తాటిచెట్టంత మనిషి ఒకడు బెంచీ మీద కూర్చుని, వంగి, బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు. కట్టినవి బిగువుగా లేవనిపించిందో ఏమో, విప్పి మళ్లీ కట్టుకున్నాడు.

"ఓడిపోతరని వానికి ఎరుకేనా?" అన్నాడు కొమురెల్లి.

"లోకమంతా ఎరుకే."

"మరెందుకట్ల కడ్తాండు?"

జలాల్ భాయ్ ఫోన్‌ను ఇంకాస్త దగ్గరికి జరిపాడు. ఎర్ర బనియన్లు ఆరోజు ఓడి ఇంటికి పోయారు. ఆయన కళ్లు తుడుచుకుని, ఫోన్ జేబులో పెట్టుకుని లేచాడు. గుమ్మం దాటబోతుంటే వెనక నుంచి కొమురెల్లి, "చిలుకా, నా చెప్పులేడున్నయ్?" అన్నాడు. చిలుకమ్మ చెప్పులు తెచ్చి, తానే కింద కూర్చుని తొడిగింది.

ఆరోజు షత్రంజీ తిన్నగా వచ్చింది. బెత్తెడే నేశారు గానీ అంచు నుంచి అంచుకు దారం పట్టి చూస్తే ఎక్కడా వంకర లేదు. మూడు ఒకటి. వారం తిరిగేసరికి మూడు రెండు, తర్వాత మూడు మూడు. కొమురెల్లి వాకిట్లో కూర్చుని వచ్చేపోయేవాళ్లకు చెయ్యి ఎత్తి చూపించడం మొదలుపెట్టాడు. సారయ్య హోటల్ దాకా నడిచి, చాయ్ బాగుందో లేదో తానే తీర్పు చెప్పాడు. చిలుకమ్మ రెండుసార్లు దేవునికి కొబ్బరికాయ కొట్టింది.

ఏడో ఆటకు ముందు రాజేశ్వర్ రావు వచ్చాడు. వీళ్ల షత్రంజీలు కొని హైదరాబాదుకు పంపే సేటు ఆయనే. పూర్తయిన షత్రంజీని ఎండలోకి తెప్పించి, నాలుగు పక్కలా వేళ్లతో నొక్కి చూశాడు. మధ్యలో ఇన్ని నీళ్లు పోశాడు. నీళ్లు ఒక క్షణం నిలిచి చప్పున కిందికి దిగిపోయాయి.

"జలాల్, అంచులు సక్కగనే ఉన్నయ్. పట్టు ఏది? నీ పేరు జెప్పి అమ్ముకుంటాన్న నేను."

"నాదే తప్పు సేట్. పొద్దుగాల ఆటలు చూసుడు ఎక్కువైంది. నిద్ర సాలక చేతుల తాకత్ ఉంటలేదు."

"ఆటలు పిల్లలకు. పెద్ద ఆర్డరుంది, నీకే ఇద్దామనుకున్న. ఇగ వేరేటోళ్లకు ఇస్త" అని రాజేశ్వర్ రావు షత్రంజీ చుట్టించుకుని వెళ్లిపోయాడు.

నీళ్లు దిగినచోట తడిసిన నేల వైపు కొమురెల్లి చూస్తూ నిలబడ్డాడు. నీళ్లు పోసింది సరిగ్గా మధ్యన. దిగింది రెండు పక్కలా. తన సగం వదులుగా ఉండటం సహజమే. జలాల్ సగం ఎందుకు వదులైంది? ఒక చెయ్యి గట్టిగా, ఒక చెయ్యి మెల్లగా కొడితే షత్రంజీ వంకర పోవాలి. పోలేదు. అంటే తన దెబ్బ పెరగలేదు. కొత్తవాడలో అందరికన్నా గట్టిగా కొట్టే చెయ్యి, పక్కనున్న చేతి వాటం చూసుకుని తన దెబ్బ తగ్గించుకుంది. దాని కోసం పేరూ పోగొట్టుకుంది. కొమురెల్లికి ముందు సిగ్గేసింది. తర్వాత కోపం వచ్చింది.

"నన్ను గెలిపించినవా భాయ్? గిది ఆట గాదు. మోసం."

"మోసమేంది? జోడీగాడు మెల్లగ ఉరికితే బాల్ మెల్లగ ఇయ్యాలె. జోరుగ ఇసిరితే చేతులకెల్లి జారిపోతది. రోజు చూస్తలేవా?"

"గా మూడు ఆటలు కొట్టెయ్యి. నాకద్దు. మూడు సున్నానే ఉన్నది. రేపు నీ చెయ్యి నీ తీరుగ కొట్టు. వంకరొస్తే రానీ."

"వంకరొస్తే నాలుగు సున్నా అయితదన్నా."

"అయితే కానీ. నువ్వే చెప్పు అయిపోయిందని. నేను వింట."

మర్నాడు ఒక చిన్న షత్రంజీకి కూర్చున్నారు. జలాల్ భాయ్ పంజా దెబ్బలు పక్కింటి దాకా వినిపించాయి. కొమురెల్లి పళ్లు బిగబట్టి కొట్టాడు. చెమట కళ్లలోకి దిగుతున్నా తుడుచుకోలేదు. కొన్నాళ్లకు ఆ చిన్న షత్రంజీ పూర్తయింది. మగ్గం నుంచి కోసి పాకలో పరిచారు. ఫాతిమా బేగం, చిలుకమ్మ గుమ్మంలో నిలబడ్డారు. షత్రంజీ పచ్చి వంకర. జలాల్ భాయ్ వైపు బిగువుగా, పొట్టిగా ఉంది. కొమురెల్లి వైపు వదులై జానెడు పొడుగు సాగింది.

"చెప్పు భాయ్" అన్నాడు కొమురెల్లి.

జలాల్ భాయ్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. తన అంచును జానలతో కొలిచాడు. వెళ్లి కొమురెల్లి అంచును కొలిచాడు. నమ్మకం కుదరనట్టు మళ్లీ కొలిచాడు. ఫాతిమా బేగానికి మొగుడి సంగతి తెలుసు గనక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇద్దరం ఒక్క దినమే మొదలుపెట్టినం, ఒక్క దినమే కోసినం" అన్నాడు జలాల్ భాయ్ గంభీరంగా. "నా దిక్కు తక్కువ నేసినట్టున్న. నీ దిక్కు జానెడు ఎక్కువొచ్చింది. ఎక్కువ నేసినోడు గెలిచినట్టా, తక్కువ నేసినోడా?"

కొమురెల్లి నోరు తెరిచాడు. చలికాలం తర్వాత మొదటిసారి అతను నవ్వాడు. ఒక పక్కే నవ్వు వచ్చింది, అయినా నవ్వే.

"మూడు ఒకటి" అన్నాడు జలాల్ భాయ్, షత్రంజీ మడత పెడుతూ. అంచులు కలవకపోతే ఎలాగోలా కలిపాడు. "పొద్దుగాల జల్ది రా అన్నా. ఇట్లయితే నేనే ఓడే తీరు కనబడ్తాంది."