బల్ల మీద ఒకే ఒక్క చరుపు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. తెలియనివన్నీ తర్వాత ఒక్కొక్కటే వచ్చి చేరాయి. అమెరికాలోని అరోరాలో ఉంటూ ఎమ్మెస్ చదివేవాణ్ణి. శనివారాలు లైబ్రరీలో మన ఆంటీలకు, అంకుల్స్‌కు ఉచితంగా ఇంగ్లిష్ నేర్పేవాణ్ణి. (పూర్తిగా ఉచితమని చెప్పలేను, పులిహోర డబ్బా ముట్టేది.) "తెలుగులో ముఖ్యమైన మాటను ముందుకో వెనక్కో జరుపుతాం. ఇంగ్లిష్‌లో చాలాసార్లు ఉన్నచోటే ఉంచి గట్టిగా పలకాలి" అని మహా గంభీరంగా చెప్పేవాణ్ణి. నా శిష్యులేమో అన్ని మాటలనూ ఒకే గొంతుతో అప్పజెప్పేవారు. విసుగొచ్చి ఓ రోజు, "ముఖ్యమైన మాట దగ్గర బల్ల మీద చరచండి" అన్నాను. అంతే, అందరికీ అన్ని మాటలూ ముఖ్యమైపోయాయి. లైబ్రేరియన్ పరుగెత్తుకొచ్చింది.

అందరిలోకీ గట్టి చెయ్యి, మేమంతా పచ్చళ్ళ ఆంటీ అని పిలిచే ఆవిడది. పదహారేళ్లు, ఉద్యోగం చెయ్యనివ్వని వీసా పుణ్యమా అని ఇంట్లోనే ఉండిపోయి, గ్రీన్‌కార్డ్ రాగానే స్కూల్ వంటగదిలో ఉద్యోగానికి అప్లై చేసింది. ఆవిడ జీవితంలో అదే మొదటి ఇంటర్వ్యూ. నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్తూ దారి పొడుగునా బతిమాలాను. "ఆంటీ, అక్కడ మాత్రం చరచకండి, ప్లీజ్. జాబ్ ఇవ్వకపోగా పోలీసుల్ని పిలుస్తారు!"

"నువ్వేం టెన్షన్ పడకు నాన్నా" అంది, అరచేతులు రుద్దుకుంటూ.

తలుపు బయట కుర్చీలో కూర్చున్నాను. ఇరవై నిమిషాలు ఏ చప్పుడూ లేదు. హమ్మయ్య అనుకుంటుండగా లోపల్నుంచి ఠప్పుమని ఒకే ఒక్క చరుపు వినిపించింది. పదహారేళ్లు ఎదురుచూసిన మనిషి అవకాశాన్ని నా చేతులారా చెడగొట్టానని ఏడుపొచ్చినంత పనైంది.

కార్‌లో కూర్చున్నాక అడిగాను. "ఎందుకు చరిచారాంటీ?"

"ఈ జాబ్ ఎందుకు కావాలని ఆ ఇంటర్వ్యూ చేసినావిడ అడిగింది నాన్నా. ఇన్నాళ్లూ మా ఆయన జాబ్, మా ఆయన వీసా. దిస్ విల్ బీ మై జాబ్ అన్నాను. ఆ 'మై' దగ్గర చెయ్యి ఆగలేదు." ఆవిడ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

తర్వాతి వారమే ఉద్యోగం వచ్చింది. ఇదంతా నా బోధన మహిమేనని కనబడిన ప్రతివాడికీ చెప్పాను. (ఆవిడ కాదనలేదు, పైగా ఆవకాయ ఇచ్చింది.)

ఇప్పుడు ఆఫీస్ మీటింగుల్లో నా మాట ఎవరూ వినకపోతే, అరచెయ్యి దానంతటదే లేస్తుంది. చరచడం నేర్పిన మాస్టారిని కదా! కానీ ఏ మాట దగ్గర చరచాలో తేల్చుకునేలోపు మీటింగ్ అయిపోతుంది. నవ్వుకుని, అదే చేత్తో మెల్లగా ల్యాప్‌టాప్ మూసేస్తాను.