స్టాండు లేని బండి

నేను రేసులో ఓడిపోయిన సంగతి శంషాబాద్ పక్కన మా సాతంరాయిలో అందరికీ తెలుసు. ఎలా ఓడిపోయానో మాత్రం ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెప్పుకుంటున్నారు. భయపడి ఆగానని ఒకాయన. బీడీ కాల్చుకోవడానికి ఆగానని ఇంకొకాయన. నేను జన్మలో బీడీ ముట్టలేదు! అందుకే ఉన్నదున్నట్టు రాసి పెడుతున్నాను. ఇందులో ఒక మనిషి పడతాడు, ఒక బండి పడుతుంది, చివరికి నా పరువు పడుతుంది. మూడింటిలో రెండు లేచాయి.

అప్పుడు నాకు యాభై మూడేళ్లు. అంటే బుద్ధి రావలసిన వయసు దాటిపోయి చాలా కాలమైంది. హైవే పక్కన బండ్ల రిపేరు షాపు. ఈ పని నాకు ఎవరూ నేర్పలేదు. బండ్లు విప్పి, మళ్లీ బిగించి, చివర్లో మిగిలిపోయిన నట్లను చూసి నేర్చుకున్నాను. చదువూ అంతే, పొట్లాల కాగితాలు చదివి వచ్చింది.

మా బామ్మర్ది నర్సింహ అలా కాదు. వాడు ఏ పనైనా సర్టిఫికెట్ తెచ్చుకున్నాకే మొదలుపెడతాడు. కొత్తూరు దారిలో ఉన్న ట్రాకులో, నలభై ఐదు దాటినవాళ్లకు శని, ఆదివారాలు మోటారు సైకిల్ పోటీలు పెడుతున్నారని తెలియగానే వెళ్లి శిక్షణ తీసుకొచ్చాడు. తోలు సూటు కూడా కొన్నాడు. అది వేసుకొని మా షాపు ముందు నిలబడితే అచ్చం గుత్తి వంకాయ.

“బావా, నేర్పేటోడు లేకుంటే రేసు రాదు. గిది పంచర్ ఏసుడు కాదు.”

“నీకు సైకిల్ నేర్పిందెవడ్రా?”

“నువ్వే. గందుకే మొదటి దినమే మోరిల పడ్డ.”

మా ఆవిడ సత్తెమ్మ, అంటే వాడి అక్క, టీ గ్లాసులతో మా మధ్యకు వచ్చింది. పందెం ఆమే తేల్చింది. “ఎవరు ఎనకబడితే ఆయన రెండో ఆయన బండి మీద ఎనక కూసోని ఇంటికి రావాలె. శంషాబాద్ బజార్ల నుంచే రావాలె. ఇగ లొల్లి బంద్ చెయ్యుండ్రి.”

వెనక కూర్చోవడమా! ముప్ఫై ఏళ్లుగా హ్యాండిల్ ఇంకొకడి చేతికి ఇవ్వని మనిషిని నేను. ఆ బజారులో తిరిగే బండ్లలో సగం నా చేతి మీదుగా పోయినవే. చచ్చినా వెనక కూర్చోకూడదు అనుకున్నాను.

శనివారం తనిఖీ. నిబంధనల పుస్తకం నేనే స్వయంగా చదివాను. అద్దాలు, లైట్లు, హారన్, స్టాండు తీసేయాలని ఉంది. అన్నీ నా చేత్తోనే విప్పాను. బండి యాదగిరిగుట్ట మీద గుండు చేయించుకొని దిగుతున్న భక్తుడిలా తయారైంది. ప్రాక్టీసులో నర్సింహకు రెండో స్థానం, నాకు మూడు. ట్రాకు పక్కన జెండాలు ఊపే మార్షల్ అమ్మాయి, గోదావరి వైపు పిల్ల, దగ్గరికొచ్చి చెప్పింది: “సాయంత్రం రూల్స్ మీటింగు ఉందండీ, తప్పకుండా రండి.”

“నేను పుస్తకం చదివిన తల్లీ. మీటింగు చదువురానోళ్లకు.”

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలతాయి.

ఆదివారం రేసు, పది చుట్లు. ఏడో చుట్టుకు మొదటివాడు ఎక్కడో ఉన్నాడు. రెండు నర్సింహ, మూడు నేను. వాడి తోలు వీపు తప్ప నాకు లోకం కనిపించడం లేదు. దారి ఇవ్వడు. బొటనవేలు హారన్ కోసం వెతికింది. హారన్ ఎక్కడిది, నేనే పీకాను కదా! మరి నోరుంది. “సైడ్! సైడియ్యిరా!” అని హెల్మెట్ అదిరేలా అరిచాను. వాడు వెనక్కి తిరిగి చూశాడు. మలుపులో బండి జారింది. బుట్టలోంచి పడ్డ వంకాయలా వాడు గడ్డి మీద దొర్లాడు.

ఇక నా ముందు దారి ఖాళీ. పందెం నాదే. బుద్ధిమంతుడైతే ఏం చేస్తాడో మీకు తెలుసు. కానీ నా చేయి బ్రేకు పట్టేసింది. షాపు ముందు హైవే మీద ఎవరు పడ్డా మొదట ఉరికేది నేనే. పడ్డవాణ్ణి లేపాలి, నీళ్లు తాగించాలి, తప్పు ఎవరిదో తేల్చాలి, ఆ తర్వాతే ఎవరైనా కదలాలి. మా దగ్గర అది పద్ధతి.

దిగుతూ అలవాటుగా కాలితో స్టాండు వెతికాను. గాలి తగిలింది. బండిని టైర్ల గోడకు ఆనించి ఉరికాను.

“చేతి ఏళ్లు ఆడించురా! మోకాలు మలువు!”

“నాకేం కాలె బావా, ఇడువు!”

మార్షల్ అమ్మాయి విజిల్ ఊదుతూ పరుగెత్తుకొచ్చింది. “సార్, బండి దిగకూడదండీ! లేపడానికి మేమున్నామండీ!”

“ఉంటే నీళ్లు తేరాదమ్మా!”

వెనక వచ్చేవాళ్లను ఆపడానికి చెయ్యెత్తాను. నలుగురు, దారిలో గేదెను తప్పించినట్టు నన్ను తప్పించి పోయారు. ఐదో ఆయన ఆగాడు. మామిడిపల్లిలో కోళ్ల ఫారం ఉన్నాయన. బండి మీదే రెండు కాళ్లు నేలకు ఆనించి, హెల్మెట్ అద్దం ఎత్తాడు. “ఏమైందే? తప్పెవరిది?”

“ఈయనదే. ఎనక నుంచి ఒర్రిండు,” అన్నాడు నర్సింహ.

“హారన్ లేకుంటే ఒర్రక ఏం జెయ్యాలె?”

అంతలో నెత్తి మీదుగా విమానం పోయింది. శంషాబాద్ వాళ్లం కదా, చప్పుడు తగ్గేదాకా ముగ్గురం మాట ఆపి నిలబడ్డాం. విజిల్ మాత్రం ఆగలేదు.

“తప్పు నీదే అన్నా,” అని తేల్చాడు మామిడిపల్లి ఆయన. “జర ఆయన బండి లేపియ్యి.”

తప్పు తేలాక ఇక మాటేముంది? లేపాను. వంగిన హ్యాండిల్ సరిచేశాను. వెనక నుంచి నెట్టి స్టార్టు కూడా చేయించాను. నర్సింహ పోయాడు. మామిడిపల్లి ఆయన పోయాడు. నేను తిరిగి చూసేసరికి నా బండి, కునుకు పట్టిన ముసలాయనలా టైర్ల మీంచి పక్కకు ఒరుగుతోంది. పట్టుకునేలోపే పడింది. క్లచ్ లివర్ మొదలుకంటా విరిగింది.

“ఎవరు పడినా ఆగొద్దని మీటింగులో మొదటి మాటే అదండీ,” అంది మార్షల్.

“పుస్తకంల లేదు గదమ్మా.”

“పదకొండో పేజీ అండీ.”

ఆ పుస్తకంలో నాకు తొమ్మిది తర్వాత పన్నెండే వచ్చింది. నూనె చేతులతో తిప్పాను మరి, రెండు కాగితాలు అంటుకున్నాయి.

నర్సింహ ఆరోవాడు. మామిడిపల్లి ఆయన ఏడు. నా పేరు పక్కన అంకె లేదు, గీత గీశారు. సత్తెమ్మ టిఫిన్ డబ్బా మూత పెడుతూ, “వాన్ని లేపినవ్, మంచిగైంది. ఇప్పుడు నిన్నెవరు లేపాలె?” అంది.

రేసు బండ్లు ట్రాలీ ఆటోలో ఎక్కాయి, దాని ముందు సీట్లో సత్తెమ్మ. నర్సింహ తన మామూలు బండి తీశాడు. నేను వెనక. శంషాబాద్ బజారులో పాన్ డబ్బా ఆయన కేకేశాడు: “ఏంది మేస్త్రీ, ఎనక కూసున్నవ్? పానం మంచిగలేదా?”

“దవాఖానకే పోతున్న,” అన్నాను.

సాతంరాయి దగ్గర ఒకాయన స్కూటర్ ఇసుకలో జారి పడ్డాడు. నర్సింహ బ్రేకు వేశాడు. ఇద్దరం దిగాం. వాడు మడమతో స్టాండును టక్కున కిందికి తన్నాడు. బండిని ఒకసారి ఊపి చూశాడు. తర్వాత నా మొహంలోకి చూసి, “గిట్ల, బావా” అన్నాడు. అప్పుడు పోయి లేపాం.

ఆ సాయంత్రమే షాపు ముందు నిలబడి, నా స్పానర్ పట్టుకొని ఒట్టు పెట్టుకున్నాను. పడ్డవాణ్ణి చూసి ఆగనని కాదు. ఈ జన్మలో ఏ బండికీ స్టాండు విప్పనని. స్టాండున్న బండిని ట్రాకులోకి రానివ్వరట. రానివ్వకపోతే పోనీ. నా బండి బయటే ఉంటుంది, నిలబడి.