మెట్ల మీద పడిన రోజు

ప్రమాదంలో ఎడమకాలు పోయినప్పటి నుంచి నేను చంకకర్రలతో నడుస్తాను. ఇంటర్ అయ్యాక రెండు విశ్వవిద్యాలయాల్లో సీటు వస్తే, చేరేముందు చూసొద్దామని బాపు నన్ను నస్పూర్ నుంచి తీసుకెళ్లాడు.

మొదటిది అద్దాల మేడ. తిప్పి చూపించినాయన ఈతకొలను, జిమ్ము గురించే చెబుతున్నాడు. "మా బిడ్డ క్లాసు ఏడుంటది సార్?" అని బాపు అడిగాడు.

"మూడో అంతస్తు. లిఫ్టు ఇంకా రాలేదు, ఎవరైనా పట్టుకుంటారులెండి."

పట్టుదలకు పోయి నేనే ఎక్కబోయాను. కర్ర జారి అందరి ముందూ బోర్లా పడ్డాను. లేవనెత్తిన బాపుతో, "నాకు చదువు వద్దు, ఇంటికి పోదాం" అని ఏడ్చేశాను.

"ఇంకోటుంది గద బిడ్డా, అది గూడ చూసి పోదాం" అన్నాడు.

అక్కడ గోడలు పాతబడిపోయాయి. ఈసారి నేనే ఆఫీసులో మేడంను అడిగాను. "నేను మెట్లెక్కలేను మేడం. ఎట్ల మరి?"

"నువ్వెందుకెక్కాలె? మీ క్లాసునే కిందికి మారుస్తం" అందామె.

మార్చారు కూడా. ఇప్పుడక్కడే రెండో సంవత్సరం చదువుతున్నాను. కాలేజీలు చూడటానికి వెళ్లే పిల్లలకు ఒకటే చెబుతాను: వాళ్లు చూపించేది చూడండి, కానీ మీకేం కావాలో అడిగి, ఏమంటారో విన్నాకే చేరండి.

– శ్రావణి, నస్పూర్