మార్జిన్‌లో చుక్క

పిల్లలకు రాయడం ఎలా నేర్పాలో చెప్పేవాళ్ళకు ఎక్కడా కరువు లేదు. పిల్లలు రాసింది చివరిదాకా చదివేవాళ్ళకే కరువు. చుక్కల మేడం ఆ రెండో రకం. అందుకే ఆవిడకు సాయంత్రాలు లేవు, ఆదివారాలు లేవు, మెడనొప్పి మాత్రం కావలసినంత ఉంది.

ఆ పేరు పిల్లలు పెట్టిందే. హైస్కూల్లో వ్యాసాల క్లాసు ఆవిడది. చాలాకాలం అందరిలాగే ఎర్ర పెన్నుతో దిద్దింది. నడుం పడిపోయేలా కూర్చుని దిద్దిన పుస్తకాన్ని పిల్లలు అందుకుని, అడుగున మార్కు చూసుకుని, సంచిలో పడేసేవాళ్ళు. తర్వాతి వ్యాసంలో అవే తప్పులు, చెక్కుచెదరకుండా. ఈ దిద్దడమంతా వాళ్ళ చదువు కోసమా, తన తృప్తి కోసమా అని ఆవిడకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే యూనివర్సిటీలో పరిశోధనకు చేరింది.

ఆవిడ చేతిలో రెండు సెక్షన్లున్నాయి. ఎ సెక్షన్ పుస్తకాలు మామూలుగా ఎర్ర సిరాతో దిద్దుతుంది. బి సెక్షన్ పుస్తకాల్లో ఒక్క అక్షరం ముట్టుకోదు. చదువుతూ తనకు ఎక్కడ దారి తప్పిందో అక్కడ మార్జిన్‌లో పెన్సిలుతో ఒక చుక్క పెడుతుంది, అంతే. మేడం ఇక్కడ ఎందుకు ఆగిపోయిందో రాసినవాళ్ళే కనుక్కుని మళ్ళీ రాయాలి. ఏడాది చివర రెండు సెక్షన్ల మొదటి వ్యాసాలూ ఆఖరి వ్యాసాలూ పక్కపక్కన పెట్టి, ఎవరు ఎంత ఎదిగారో తేల్చాలి. పరిశోధన గడువు ఈ ఏడాదితో సరి. మిగిలింది ఆఖరి వ్యాసం ఒక్కటే. పిల్లలు మొదటిసారి రాసి ఇచ్చారు, ఆవిడ చుక్కలు పెట్టింది, ఇక తిరిగి ఇస్తే వాళ్ళు మళ్ళీ రాస్తారు. అక్కడిదాకా వచ్చింది పని.

సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్షన్ అన్నారు. హెడ్మాస్టరు బి సెక్షన్ పుస్తకం ఒకటి తిరగేసి, ఇదేంటమ్మా దోమలు వాలినట్టు అన్నాడు. ఆవిడ తన పరిశోధన గురించి చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు. ఓపిగ్గా వినడం ఒప్పుకోకపోవడానికి ఆయన కనిపెట్టిన పద్ధతి. వచ్చేవాళ్ళు వ్యాసాలు చదవరనీ, పేజీలు తిప్పుతారనీ, ఎరుపు కనబడకపోతే టీచరు పని ఎగ్గొట్టిందంటారనీ విడమరిచి చెప్పాడు. సోమవారానికి అన్నీ దిద్ది ఉండాలి. లేదంటే బి సెక్షన్ ఇంకొకరికి ఇచ్చేస్తాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఇదంతా వంటింట్లో గిన్నెలకు వినిపించింది. గిన్నెలతోపాటు హాల్లో ఉన్న మామగారూ, సోమవారానికి దిద్ది ఉండాలన్న ముక్క మటుకు విన్నారు.

మామగారు ఒక దినపత్రికలో ప్రూఫులు దిద్ది రిటైరయిన మనిషి. కరెంటు బిల్లయినా, మందుల డబ్బాలో కాగితమైనా ముందు దిద్దుతారు, తర్వాత చదువుతారు. కొడుకు షిఫ్టు డ్యూటీల్లో తిరుగుతుంటే ఆయనకు ఇంట్లో మాట్లాడే దిక్కు కోడలే. కోడలంటే ప్రాణం. ఆ ప్రాణమే కొంప ముంచింది.

శనివారం ఆవిడ యూనివర్సిటీలో తన పరిశోధన గైడు దగ్గరకు వెళ్ళింది. ఇది పరిశోధన, పుస్తకాలు ఇలాగే ఉంచాలి అని హెడ్మాస్టరుకు ఒక ఉత్తరం రాయించుకోవాలని. గైడు వరండాలో నిలబెట్టీ నిలబెట్టీ, చివరికి రాసిచ్చాడు. ఉత్తరం నలగకుండా ఫైల్లో పెట్టుకుని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే బల్ల వైపు చూసింది. రెండు కట్టలు. రెండూ ఎర్రగా ఉన్నాయి.

మామగారు కళ్ళజోడు నుదుటి మీదకు తోసుకుని నవ్వుతున్నారు. వేళ్ళకంతా సిరా.

"అమ్మాయీ, ఇంక నిశ్చింతగా ఉండు. ఎ సెక్షన్ నువ్వు దిద్దుకున్నావు, బి సెక్షన్ దగ్గరకొచ్చేసరికి పాపం ఓపిక చాలక చుక్కలు పెట్టి వదిలేశావు. నాకు తెలీదా? మొత్తం అయిపోయింది. ఒక్క తప్పు మిగిలుంటే నా చెవి కోసి నీ చేతిలో పెడతా."

ఒక్క తప్పూ మిగల్లేదు. చుక్కల్ని కూడా రబ్బరుతో శుభ్రంగా చెరిపేశారు. ఆవిడ బాత్రూములోకెళ్ళి పంపు తిప్పి, నీళ్ళ చప్పుడు చాలనిపించేదాకా నిలబడింది. బయటికొచ్చి, "చాలా శ్రమపడ్డారు మావయ్యగారూ" అంది. పెద్దల మనసు నొప్పించకూడదని ఉపన్యాసాలిచ్చేవాళ్ళు, ఆ ఒక్క ముక్క అనడానికి పళ్ళు ఎంత గట్టిగా బిగబట్టాలో మాత్రం చెప్పరు. ఉత్తరం ఫైల్లోనే ఉండిపోయింది.

ఇన్‌స్పెక్షన్ దివ్యంగా జరిగింది. వచ్చినాయన బి సెక్షన్ పుస్తకాలు తిప్పి, ఇదీ దిద్దడమంటే అన్నాడట.

బి సెక్షన్లో ఒక పిల్ల ఉంది. అన్నిటికీ ఎందుకు, ఎందుకు అని ప్రాణం తీస్తుంది కాబట్టి స్టాఫ్‌రూమంతా దాన్ని ఎందుకమ్మ అంటారు. ఆఖరి వ్యాసానికి ఇంట్లో పాడైన వస్తువు గురించి రాయమంటే, నీళ్ళ మోటారు గురించి రాసింది. మోటారు పాడైంది, నాన్న మాట్లాడలేదు అని ఉన్నచోట మేడం చుక్క పెట్టింది. మోటారుకూ నాన్న నోటికీ సంబంధమేంటో తెలుసుకోవాలని ఆవిడ నిజంగానే తహతహలాడింది. ఇప్పుడు ఎందుకమ్మ అందంగా తిరగరాసి తెచ్చిన వ్యాసంలో ఆ చోట ఇలా ఉంది: మోటారు మొరాయించడంతో నాన్నగారు మౌనం వహించారు. అక్షరం పొల్లుపోకుండా మామగారి వాక్యం.

"అసలు నాన్న ఎందుకు మాట్లాడలేదమ్మా?"

"ముందురోజే రిపేరు చేశాడు మేడం. పదేళ్ళదాకా ఇటు చూడక్కర్లేదు అని వీధిలో అందరికీ చెప్పొచ్చాడు. పొద్దున స్విచ్చేస్తే గుర్రుమని ఆగిపోయింది. అమ్మ ఖాళీ బకెట్లు పట్టుకుని నాన్న ముందు నుంచే అటూ ఇటూ తిరిగింది. ఒక్క మాట అన్లేదు. నాన్న పేపరు వెనకాల్నుంచి తల ఎత్తితే ఒట్టు."

"మరి అది రాయొచ్చుగా?"

"ఎందుకు మేడం? దిద్దేశారుగా. ఇదైతే పేపర్లో వచ్చినట్టుంది."

ఆ పిల్ల నోటి నుంచి ఎందుకు అన్న మాట ఇలా, ఒక తలుపు మూసినట్టు రావడం ఆవిడ అంతకుముందు వినలేదు.

గైడు జాలిపడలేదు, లెక్క మాత్రం చెప్పాడు. బి సెక్షన్ కూడా ఎ సెక్షనే అయిపోయింది, ఈ ఏడాది అంకెలు చెల్లవు. మరో ఏడాది గడువు ఇప్పించగలడు, కానీ రెండు సెక్షన్లూ మళ్ళీ ఆవిడకే ఇస్తానని హెడ్మాస్టరు రాసివ్వాలి.

హెడ్మాస్టరు ఆ వేళకు బి సెక్షన్ పుస్తకాలు స్టాఫ్‌రూములో అందరి ముందూ పరిచి, ఇకనుంచి ఇలా దిద్దాలి అని చెప్పేశాడు. తోటి టీచర్లు చూసిన చూపులకు ఆవిడ మాడి మసైపోవలసింది. ఇక దాచి లాభం లేదని, అది తన దస్తూరీ కాదు, మామగారిదని చెప్పేసింది. హెడ్మాస్టరు కంగారుపడలేదు. "ఎవరు దిద్దితే ఏముందమ్మా, ఎర్రగా ఉంటే చాలు" అంటూ ఆవిడ అడిగిన కాగితం మీద సంతకం గీకేశాడు.

మెట్లు దిగుతూ ఆవిడ మధ్యలో ఆగిపోయింది. ఎర్రగా ఉంటే చాలట. పెన్సిలు చుక్కలు ఎర్ర చుక్కలై ఉంటే ఈయనకు చాలేది. ఈ బుద్ధి ముందే పుట్టి ఉంటే ఏడాది చదువు గంగలో కలిసేది కాదు. దారిలో ఎర్ర పెన్నులు కొంటున్నప్పుడు దుకాణం మనిషి, ఏంటి మేడం అంత కోపంగా ఉన్నారు అని అడిగాడు.

ఇంట్లో ఆ సాయంత్రం, ఏడాదిలో మిగిలిన రోజులకని బి సెక్షన్ చేత రాయించిన కొత్త వ్యాసాలు ముందేసుకుని, మామగారికి మోటారు కథ చెప్పింది. అంకెలకు పనికిరాకపోయినా పిల్లలకు పనికొస్తుందని మళ్ళీ చుక్కలు మొదలుపెడుతున్నానని కూడా చెప్పింది.

"మాకు ఎందుకు అని అడిగే తీరికేదమ్మా? ప్రూఫులు దిద్దేవాడు ఎందుకు అని అడుగుతూ కూర్చుంటే ఏ పేపరూ తెల్లారేది కాదు" అన్నారాయన. తర్వాత కుర్చీ దగ్గరకు లాక్కున్నారు. "ఇలా ఇయ్యి, చుక్కలేగా. పెడతాను."

ఆవిడ ఎర్ర పెన్ను ఇచ్చింది. ఆయన మొదటి పేజీలో ఒక చుక్క పెట్టారు, బుద్ధిగా. రెండో వాక్యం దగ్గర చెయ్యి దానంతటదే కదిలి ఒక వత్తు సరిచేసింది. ఎర్ర సిరా రబ్బరుకు లొంగదు. ఆవిడ పెన్ను లాక్కుంది.

"నేను చదువుతాను, మీరు వినండి. చేతులు ఒళ్ళో పెట్టుకోండి. ఎక్కడ అర్థం కాలేదో అక్కడ ఆగమనండి."

పైకి చదవడం మొదలుపెట్టింది. మొదటి వాక్యం పూర్తికాకముందే ఆయన ఆగమన్నారు. వాడంటే ఎవడని అడిగారు. ఆవిడ చుక్క పెట్టింది. రెండో వాక్యం. మళ్ళీ ఆగమన్నారు. ఆ వర్షం రాత్రి పడిందా, అప్పుడే పడుతోందా? చుక్క. మూడో వాక్యం. "ఆగు."

కట్ట ఎత్తు చూసింది. టీ అప్పుడే చల్లారిపోయింది. కొంచెం తక్కువసార్లు ఆపండి మావయ్యగారూ అనబోయి, పళ్ళు బిగబట్టి, నాలుగో వాక్యం చదివింది.