నడి లంకలో జీవమ్మ

జీవమ్మ భయానికి పోలీసే అక్కర్లేదు. మీటరు చూడడానికి వచ్చిన కరెంటు మనిషి చొక్కా కనబడినా గుమ్మం చాటుకు వెళ్లిపోయేది. బహ్రెయిన్ గుదైబియాలో మా మేడలోని నాలుగిళ్లలో పాచిపని చేసే ఆమెను ఆరేళ్లుగా చూస్తున్నాను. కొత్తిమీర కోసం కూడా వెనక సందులోంచే వెళ్లేది. ఉత్త పిరికిదని నవ్వుకునేదాన్ని. నా తెలివి అంతవరకే.

మా తెలుగు క్రైస్తవ సహవాసంవాళ్లు ఏటా ఒకరోజు విహారానికి వెళ్తారు. ఈసారి ఏర్పాట్లు నా నెత్తిన పడ్డాయి. నాకు వంతెనల పిచ్చి. ముహర్రక్ వైపు వంతెనతో మొదలుపెట్టి, సిత్రా వంతెన చూసుకుని, చివరికి సౌదీకి వెళ్లే పెద్ద వంతెన సగం దాకా వెళ్లి వెనక్కి రావాలని రాసుకున్నాను. ఆ మాట చెవినపడగానే జీవమ్మ గిన్నెలు తోమడం ఆపేసింది.

"అక్సమ్మగారూ, ఆ పెద్ద వంతెన మీదికి కూడా ఎల్తారాండి?"

"వెళ్తాం. నీకెందుకు? నువ్వు రావుగా."

"వత్తానండి."

బస్సెక్కే ముందు అందరి గుర్తింపు కార్డులూ ఒక కవర్లో వేసి ఏర్పాట్లు చూసేవాళ్ల దగ్గర ఉంచడం మా ఆనవాయితీ. ఎక్కడ అడిగినా ఒక్కసారే చూపించవచ్చు. జీవమ్మ తన కార్డు ఇంట్లో మరిచానంది. "తల మరిచిపోలేదు, సంతోషం" అని విసుక్కున్నాను.

సిత్రా దారిలో అందరినీ ఒక పాత నడక వంతెన ఎక్కించాను. పైన రేకుల కప్పు, రెండు పక్కలా మూత. ఉక్కపోతకు అందరూ నన్ను తిట్టుకుంటుంటే జీవమ్మ ఒక్కతే నడుమ నిలబడి హాయిగా ఊపిరి తీసుకుంది. "నాకిదే బాగుందండి. కిందనించి ఎవరికీ కనపడం" అంది. అప్పుడైనా నాకు అర్థం కావలసింది.

పెద్ద వంతెన టోల్ గేటు కనబడగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గుసగుసగా అసలు సంగతి చెప్పింది. కార్డు మరిచిపోలేదు, లేనే లేదు. వీసా ఇచ్చిన కఫీల్ ఇంట్లో దెబ్బలు తట్టుకోలేక ఆరేళ్ల కిందట పారిపోయి వచ్చింది. కూతురు విజయరాణి అవతలి ఒడ్డున దమ్మాంలో ఒక ఇంట్లో పనిచేస్తోంది. ఆ ఇంటివాళ్లు ఇవాళ బహ్రెయిన్ వస్తూ, వంతెన మధ్యలో ఉన్న దీవిలో నమాజుకు ఆగుతారని పిల్ల ఫోనులో చెప్పిందట. గోదావరి మనిషి కదా, ఆ దీవిని నడి లంక అంటోంది.

"ఏడేళ్లయిందండి దాన్ని సూసి. ఒక్కపాలి కంటితో సూసుకుంటాను. బస్సు ఎనక్కి తిప్పించకండి. దాని మేడమ్ మాత్రం మమ్మల్ని కనిపెట్టకూడదు. సుట్టాలు కలిత్తే పిల్ల పారిపోద్దని ఆవిడ బయం."

ముందు ఒళ్లు మండింది. తర్వాత భయం పట్టుకుంది. పట్టుబడితే ఆమె ఒక్కతే కాదు, తీసుకొచ్చిన నేనూ జవాబు చెప్పాలి. వెనక పాటలు పాడుతున్నారు. గేటులోని మనిషి మావైపు చూడకుండానే పంపేశాడు. అటూ ఇటూ సముద్రం. జీవమ్మ కళ్లు మూసుకుని "ప్రభువా, ప్రభువా" అంటోంది.

దీవిలో ఆడవాళ్లు కాళ్లూచేతులూ కడుక్కునే గది బయట ఇద్దరు పోలీసులున్నారు. వాళ్ల పక్కనుంచే లోపలికి వెళ్లాం. అక్కడ నల్ల అబాయాలో ఇంటావిడ, వెనకే బూరెలాంటి పాపను ఎత్తుకుని విజయరాణి. తల్లిని చూసి ఆ పిల్ల ముఖం పాలిపోయింది. వద్దన్నట్టు తల కొద్దిగా ఊపింది.

జీవమ్మ అరిచేస్తుందేమోనని చెయ్యి పట్టుకోబోయాను. ఆమె పాప దగ్గరికి వెళ్లి బుగ్గ నిమిరింది.

"ఇలా సిక్కిపోయావేంటమ్మా బంగారుతల్లీ? అన్నం తింటన్నావా?"

విజయరాణి కూడా పాపకేసే చూస్తూ అంది, "తింటన్నాం కదా బుజ్జీ. మనల్ని బానే సూత్తన్నారు కదా."

మేడమ్ నవ్వింది. ముసలమ్మకు తన బిడ్డ ముద్దొచ్చింది కాబోలనుకుంది.

"ఇంటికెప్పుడెల్తావమ్మా?"

"మార్చికి మన పని కాయితం అయిపోద్ది బుజ్జీ." పాప మూతి తుడుస్తూ ఆగింది. "ఎల్తే మాత్రం అక్కడెవరున్నారు సెప్పు? అమ్మే లేదు కదా."

"యల్లా" అంటూ విజయరాణిని తొందరపెట్టి బయటికి తీసుకెళ్లిపోయింది మేడమ్. అంతే. కూతురి చెయ్యి కూడా తాకలేదు జీవమ్మ.

తిరుగు దారిలో మా బస్సు ఆపారు. పోలీసు కవరు తీసుకుని కార్డులు లెక్కపెట్టాడు, పంతొమ్మిది. జీవమ్మతో కలిపి మేం ఇరవైమందిమి. తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. జీవమ్మ మాత్రం ఏమీ పట్టనట్టు కిటికీలోంచి దీవివైపే చూస్తోంది. వెనక కార్లు హారన్లు మోగించాయి. అతను విసుగ్గా కవరు నా ఒళ్లో పడేసి పొమ్మన్నాడు.

ఆదివారం పొద్దున్నే మా తలుపు కొట్టింది. చేతిలో చిన్న సంచీ.

"ఎంబసీకి తోడొత్తారాండి? నాకు సానా బయంగా ఉంది."

"నీ అంతట నువ్వే వెళ్తావా? పట్టుకుని లోపలేస్తే?"

"ఏత్తే ఎయ్యనీండి. ఎన్నాళ్లుంచినా ఆకరికి ఇంటికే కదా పంపుతారు. మార్చికి అదొచ్చి తలుపు కొడితే, తియ్యడానికి నేనుండాలండి."