న్యూట్రినో కొండ కిందికి పెళ్లిపత్రికతో

ఉదయం ఐదున్నరకు కోయంబత్తూరు సింగానల్లూరు బస్టాండులో కంబం బస్సు ఎక్కాను. చేతిలో చెల్లెలి పెళ్లిపత్రిక. ఫోనులో అమ్మ హెచ్చరిక: "మీ మామను పిలుచుకొని రా. ఎగతాళి మాటలు ఒక్కటీ వద్దు." పెళ్లికూతుర్ని పందిట్లోకి తీసుకురావాల్సింది మేనమామ. ఆ మేనమామ రెండేళ్లుగా మా గడప తొక్కలేదు. కారణం నేను.

చిన్నమనూరు పడమటి కొండల్లో సొరంగం తవ్వి, దేన్నయినా దాటిపోయే న్యూట్రినో కణాలను పట్టే పరిశోధనశాల కడతామన్నారు. మామకు ఆ ఊళ్లో ద్రాక్షతోట. ఒక పెళ్లి భోజనాల దగ్గర ఆయన సొరంగం గురించి ఏదో అడిగాడు. భౌతికశాస్త్రం చదివినవాణ్ణి కదా, అందుకున్నాను: "క్షణానికి కోట్ల న్యూట్రినోలు మామ తలలోంచి దూసుకుపోతున్నాయి. ఒక్కదానికీ లోపల ఏమీ అడ్డు తగల్లేదు." పంక్తి మొత్తం నవ్వింది, అత్తతో సహా. మామ సగం తిన్న ఆకు మడిచి లేచిపోయాడు. శాస్త్రపరంగా నా మాటలో తప్పు లేదు. ఆ సంగతి అమ్మకు ఎన్నిసార్లు చెప్పినా ఏడుపు ఆపలేదు.

ఎనిమిదిన్నరకు ఒట్టంచత్రం. ఇడ్లీ చల్లగా ఉంది, సాంబారు దానికి తోడు. మళ్లీ బస్సెక్కితే పక్క సీట్లో ఒక అవ్వ. నేను ఫోనులో తెలుగు మాట్లాడింది వింది కాబోలు, "మీదీ మన బాసేనా కణ్ణు? ఏం చదివితివి?" అని ముద్దుగా అడిగింది. ఒకప్పుడు నూలుమిల్లులో పనిచేసిందట.

"పొద్దులోంచి వచ్చే సన్న కణాలను కొలిచే చదువు అవ్వా. భూమి అడుగున కొలుస్తారు."

"పొద్దును చూసేదానికి గుంతలోకి దిగేదేమి? పైత్యమా?"

"మిల్లు నడిచేటప్పుడు గుసగుస వినపడునా? ఆకాశంలోంచి వేరే కణాలు అట్లా రొద చేస్తాయి. కొండ వాటిని ఆపేస్తాది. ఇవి మాత్రం రాయిని దాటి వస్తాయి. అడుగున పెద్ద నీళ్లతొట్టి పెడితే, ఎప్పుడో ఒకటి తగిలి చిన్న మెరుపు వస్తాది. దాన్ని లెక్కేస్తారు."

అవ్వ ఆలోచించింది. "దీనికి జీతం ఇస్తారా?"

"నాకు ఇచ్చేవాళ్లు ఇంకా దొరకలేదు."

జాలిపడి ఒక అరటిపండు ఇచ్చింది. నా చదువు మీద ఇంతవరకు వచ్చిన రాబడి అదే.

పదకొండుకు తేని, పన్నెండు కాకముందే చిన్నమనూరు. ఆకాశం మూసుకొని ఉంది. సొరంగం ఇంకా తవ్వలేదు కాబట్టి చూడ్డానికేమీ లేదు. ఉన్న కొండా మబ్బులో కనిపించలేదు.

మామ ద్రాక్షపందిరి కింద ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. పందిరీ సగం ఎండింది. బోరులో నీళ్లు అడుగంటాయని అత్త గుమ్మంలోనే చెప్పింది. మామ పత్రికను రెండు చేతులతో అందుకొని, పేరుపేరునా చదివి మడిచాడు.

"ఆ కణాలు దేనికీ తగలవు అంటివే. మళ్ల అవి ఉండాయని ఎట్లా తెలుస్తాది?"

అవ్వకు చెప్పిందే చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"బాగానే చెప్తావు. ఆ దినం నేనడిగింది ఇది కాదు. సొరంగం తవ్వితే మా నీళ్లు కిందికి పోతాయా అని అడిగితిని. నువ్వు నా తల గురించి చెప్తివి."

ఆ ప్రశ్న నాకు గుర్తే లేదు. నా జోకు మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ఇప్పుడు చెప్పు. పోతాయా?"

"తెలీదు మామా."

"ఆమా, తెలీదు. అది ఆ దినమే చెప్పివుంటే సరిపోవును కదరా."

క్షమించమన్నాను. మామ పందిరి వైపు చూస్తూ, "పిల్లకు మేనమామ సీరు వస్తాది. పట్టుచీర, నగ, ఏదీ తక్కువ చెయ్యను. నేను రాను" అన్నాడు.

అత్త ఆకు వేసింది. ఇద్దరం తిన్నాం. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మూడున్నరకు తిరుగు బస్సు. పెరియకుళం దాటాక అమ్మ ఫోను: "వస్తాడా?"

"సీరు వస్తాదమ్మా."

అమ్మకు అర్థమైంది. ఫోను పెట్టేసింది.

ఈ దారిన వెళ్లదలిచినవారికి: కంబం లోయ చూడదగ్గదే. సింగానల్లూరు బస్సులో ఎడమవైపు కూర్చోండి, ఇడ్లీ ఇంట్లోనే తినండి. అక్కడివాళ్లు అడిగిన ప్రశ్నకు జవాబు కోరుకుంటారు, అంతే. నేను ఆరు గంటలు ప్రయాణించి ఒక్క మాట జవాబు ఇచ్చి వచ్చాను. అది రెండేళ్లు ఆలస్యంగా చేరింది. అందులో బస్సు తప్పేమీ లేదు.