ఆంటీ ఆర్కిడ్ మొగ్గలు రాలిన చలికాలం

మెల్‌బోర్న్‌లోని క్లేటన్‌లో చదువుకునే రోజుల్లో యూనివర్సిటీకి పది నిమిషాల నడకలో ఒక ఆంటీ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. ఆవిడది భీమవరం వైపు. నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. భర్త పోయారు. కొడుకు పెర్త్‌లో, కానింగ్ వేల్‌లో ఉండేవాడు. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.

ముందుగది కిటికీ దగ్గర బల్ల మీద ఏడు ఆర్కిడ్ కుండీలు ఉండేవి. వాటిలో తెల్లపూల మొక్క అంకుల్ చివరిసారి కొనితెచ్చినది. రెండేళ్ళు ఒట్టి ఆకులతో ఉండి, ఆ జులైలో, అక్కడి చలికాలంలో, కాడ వేసింది. కాడకు తొమ్మిది మొగ్గలు. ఆంటీ పొద్దున్నే ప్రార్థన చేసుకుని తిన్నగా వెళ్ళి వాటిని లెక్కపెట్టేవారు.

ఒకరోజు ఏడే ఉన్నాయి.

ఆ ఇంట్లో హీటర్ వేడిగాలి నేలలో బిగించిన ఇనుప జాలీల్లోంచి వచ్చేది. ఒక జాలీ సరిగ్గా ఆ బల్ల పక్కనే ఉంది. నేను ఒంగోలు ఎండల్లో పెరిగినదాన్ని. మెల్‌బోర్న్ చలికి నా వేళ్ళు కొయ్యబారిపోయేవి. ఆంటీ చూడనప్పుడు హీటర్ రెండు డిగ్రీలు పెంచేదాన్ని. ఆవిడ అది కనిపెట్టేశారు.

“హీటర్ ఎంతలో పెట్టావమ్మాయ్?”

“నైన్‌టీన్‌లోనే ఉందాంటీ.”

“నా దగ్గర అబద్ధాలాడకు. ఆ వేడిగాలికే నా బడ్స్ డ్రై అయిపోతున్నాయి. అంత చలేస్తే ఇంకో స్వెటర్ వేసుకో.”

నిజంగానే తగ్గించేశాను. జాలీ మీద అట్టముక్క పెట్టాను. బల్లను అవతలి గోడ దగ్గరికి జరిపాను. గాలి మరీ పొడిబారకుండా కుండీల కింద పళ్ళేలలో గులకరాళ్ళు వేసి నీళ్ళు పోశాను. మొగ్గలు రాలుతూనే ఉన్నాయి. ఇంకో కుండీలో విచ్చుకున్న గులాబీరంగు పూలైతే ఒక్క రాత్రిలో ముడుచుకుపోయి వేలాడాయి. ఆంటీ నాతో మాటలు తగ్గించారు. నేను వంటింట్లోకి రాగానే తన కంచం తీసుకుని గదిలోకి వెళ్ళిపోయేవారు.

అప్పటికే నాకు రోజూ తలనొప్పిగా ఉండేది. అసైన్‌మెంట్ల వల్లేమో అనుకున్నాను. యూనికి వెళ్తే మధ్యాహ్నానికల్లా తగ్గేది, ఇంటికొచ్చాక మళ్ళీ మొదలయ్యేది. ఆంటీకి చెప్పలేదు. అసలే కోపంగా ఉన్నారు, సెమిస్టర్ మధ్యలో ఖాళీ చెయ్యమంటారని భయం. ఆవిడ కూడా పగలు సోఫాలో మత్తుగా పడుకుంటున్నారు. ఒకసారి చేతిలోంచి టీ కప్పు జారి పగిలింది. “వయసైపోయింది” అని తనే ముక్కలు ఏరుకున్నారు.

శుక్రవారానికి రెండు మొగ్గలు మిగిలాయి. “ఇవి కూడా పోతే నువ్వు వేరే ఇల్లు చూసుకో” అన్నారు, తలెత్తకుండానే.

మర్నాడు మధ్యాహ్నం, రాలిన మొగ్గలనూ ముడుచుకున్న పూలనూ ఒక డబ్బాలో వేసుకుని దగ్గర్లోని నర్సరీకి వెళ్ళాను. ఆర్కిడ్లు చూసుకునే పెద్దాయన ఒక పువ్వును వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. పొడిగాలికి మొగ్గలు ఎండటం మామూలేనని, విచ్చిన పూలు మాత్రం ఇలా ఒక్క రాత్రిలో ముడుచుకోవని అన్నాడు.

“మీది గ్యాస్ హీటరా?”

అవునన్నాను.

“చెక్ చేయించి ఎన్నాళ్ళయింది?”

తెలియదన్నాను. అలాంటివన్నీ అంకుల్ చూసుకునేవారట.

ఆయన డబ్బా పక్కన పెట్టి నా ముఖంలోకి చూశాడు. “ఇంట్లో ఉన్నప్పుడు నీకు తలనొప్పి వస్తోందా?”

అవునంటుండగానే సోఫాలో మత్తుగా పడుకునే ఆంటీ గుర్తొచ్చారు. ఆంటీకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఆయన కారు తాళాలు తీసి “పద” అన్నాడు. దారిలో నేను అంబులెన్స్‌కు ఫోన్ చేసి అడ్రస్ చెప్పాను.

ఇంట్లో హీటర్ గుయ్యిమని తిరుగుతోంది. ఆంటీ సోఫాలో నోరు కొంచెం తెరుచుకుని పడి ఉన్నారు. భుజం పట్టి ఊపితే కళ్ళు తెరిచి, మళ్ళీ మూశారు. ఆయన హీటర్ ఆపేశాడు. నేను ముందు తలుపు, వెనక తలుపు, కిటికీలు అన్నీ తీసేశాను. చలిగాలి ఒక్కసారిగా లోపలికి కొట్టింది. దానికి ఆంటీ కదిలారు.

“తలుపెయ్యవే... నా మొక్కలు చచ్చిపోతాయి...”

“మీరే చచ్చిపోతారాంటీ! లేవండి!” అని అరిచాను. ఆవిడ మీద గొంతెత్తడం అదే మొదటిసారి.

ఆవిడ సోఫా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. వేళ్ళు ఒక్కొక్కటిగా విడదీసి, ఇద్దరం కలిసి బయట గడ్డి మీదికి మోసుకొచ్చాం. విషవాయువును పసిగట్టడానికి అంబులెన్స్ వాళ్ళ సంచికి తగిలించిన చిన్న పరికరం మా గుమ్మం దాటగానే కీచుమని మోగింది.

హీటర్ లోపల గ్యాస్ మండే ఇనుప గదికి పగులు వచ్చిందని, కాలిన గ్యాస్ వేడిగాలిలో కలిసి ఇల్లంతా పాకిందని చూడటానికి వచ్చిన మెకానిక్ చెప్పాడు. దానికి ఎర్ర చీటీ కట్టి, ఇక వెలిగించవద్దన్నాడు. ఆ పొగలో మనిషికి పట్టే విషం ఒకటైతే, మొగ్గలను రాల్చే వాయువు ఇంకొకటని నర్సరీ పెద్దాయన తర్వాత వివరించాడు.

ఆంటీకి సోమవారం దాకా హాస్పిటల్‌లోనే ఆక్సిజన్ పెట్టారు. నాకూ రక్తపరీక్ష చేశారు. ఆవిడ పైకప్పు వైపు చూస్తూ అన్నారు, “వార్డులో ఎవరైనా హెడేక్, మత్తు అంటే, ‘మీ ఇంట్లో గ్యాస్ హీటరా’ అని ఫస్ట్ నేనే అడిగేదాన్ని. నా ఇంట్లో మాత్రం అడగలేదు. పైగా నిన్నే తప్పుపట్టాను.”

“నేనూ చెప్పలేదాంటీ, తలనొప్పని. పంపించేస్తారని భయపడ్డాను.”

ఆవిడ సారీ చెప్పలేదు. నాడి చూస్తున్నట్టు నా మణికట్టు పట్టుకుని, చాలాసేపు వదల్లేదు.

మిగిలిన రెండు మొగ్గలూ ఆ చలిగాలికి పోయాయి. కొత్త హీటర్ వచ్చేదాకా వంటింట్లో చిన్న ఎలక్ట్రిక్ హీటర్ ముందు దుప్పట్లు కప్పుకుని కూర్చుని ఇద్దరం కలిసే తిన్నాం. యూని నుంచి రాగానే గుమ్మంలోంచే “ఆంటీ!” అని కేకేసేదాన్ని. జవాబు వచ్చేదాకా చెప్పులు కూడా విప్పేదాన్ని కాదు.

“బతికే ఉన్నాన్లే, చేతులు కడుక్కుని రా” అని విసుక్కునేవారు.